కిల్లే పెద్దమ్మ పర్ర

కిల్లే పెద్దమ్మ నలభై ఆరేళ్ళు సముద్రంలో వెనక్కి నడిచింది. మా సోల్‌గేలో ఆడవాళ్ళ పని అదే. పాటు తీసి నీళ్ళు పోగానే, తేలిన బురదనేల మీదికి, అదే మా పర్ర మీదికి దిగాలి. నడుముకి తాడు కట్టుకుని, దాని చివరున్న ఇనప బద్దని బురదలో లాగుతూ వెనక్కి పోవాలి. కింద ఆల్చిప్ప తగిలితే టక్‌మంటుంది. అది చెవికి వినపడదు, నడుముకి తెలుస్తుంది. మొగుడు పడవతో సహా పోయాక ముగ్గురు పిల్లల్ని ఆమె ఆ తాడుతోనే పెంచింది.

నేను చొన్‌జు కాలేజీలో మూడు సెమిస్టర్లు వెలగబెట్టి, ఇక చాలనుకుని వచ్చేశాను. ఆడవాళ్ళని పవర్ టిల్లర్ తొట్టిలో ఎక్కించుకుని పర్ర చివరిదాకా దింపేవాణ్ణి.

"ఒరే చదువు మానేసినోడా, మెల్లగా పోనీరా. ఎముకలు జారి నీ తొట్టిలో పడతాయి" అనేది పెద్దమ్మ. ఏ తిథికి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆమె చెప్పాక ఊళ్ళో ఇంకెవరూ మాట్లాడేవారు కాదు.

సముద్రానికి అడ్డంగా కట్ట వేసి పర్రని పొలాలుగా మారుస్తామంది సర్కారు. అన్నం తినేవాళ్ళే తగ్గిపోతున్న దేశంలో ఆ పొలాలు ఎవరికో చెప్పలేదు. ఊరిపెద్ద యాంగ్‌గిల్ ఒప్పుకోలు కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. ముందు పెద్దమ్మ గడపే తొక్కాడు.

"వదినా, కంగారేం లేదు. కట్టకి గేట్లు పెడుతున్నారు. నీళ్ళు వస్తాయి, పోతాయి. ముద్ర వేసెయ్."

"పౌర్ణమి పోటు కూడా వస్తుందా?"

"రాకపోతే నన్ను తన్ను."

ఆమె ముద్ర వేసింది. వెనకాడుతున్న ఎనిమిది ఇళ్ళకీ తానే వెళ్ళి, "గేట్లుంటాయట, వేసెయ్యండి" అని చెప్పింది. చెప్పింది కిల్లే కాబట్టి వాళ్ళూ వేశారు.

ఏప్రిల్లో కట్టకి చివరి రాయి పడింది. గేట్లున్నా చిన్న పోట్లు రాలేదు. పెద్దమ్మ తొణకలేదు. "పౌర్ణమి రానీ. దాన్ని ఏ రాయి ఆపుతుంది?" అంది.

పౌర్ణమి నాడు తొమ్మిది మందీ తాళ్ళు కట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. నీళ్ళొచ్చి వెనక్కి తీశాక దిగాలని. రావలసిన వేళ దాటిపోయింది. పర్ర ఎక్కడిదక్కడే ఆరిపోయి ఉంది.

"ఏమే కిల్లే, నీ సముద్రానికి బస్సు తప్పిపోయిందేమో" అంది ఆమె నేస్తం పిల్‌సున్.

అందరూ నవ్వారు. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. పొద్దు వాలేదాకా తాడు విప్పలేదు.

మూడు వారాలకి గట్టి వాన కురిసింది. తెల్లారేసరికి పెద్దమ్మ మా తలుపు బాదుతోంది.

"లేవరా! బండి తియ్! అవి పైకొచ్చేశాయి!"

వెళ్ళి చూస్తే పర్రంతా తెల్లగా ఉంది. ఇన్ని రోజులూ బురద లోతున నోరు మూసుకుని బతికిన ఆల్చిప్పలన్నీ, పైన తడి తగలగానే పోటొచ్చిందనుకుని పైకొచ్చేశాయి. నోళ్ళు తెరిచి నాలుకలు చాపి ఉన్నాయి. వాటి మీదున్నది వాన నీళ్ళు. పొద్దెక్కితే అవీ ఉండవు.

పిల్‌సున్ బుట్ట తెచ్చింది. "అమ్ముకుందామే, కనీసం."

"నోరు మూసుకుని ఏరు" అంది పెద్దమ్మ.

తొట్టి నిండేదాకా ఏరాం. అప్పుడు పెద్దమ్మ, "కట్ట మీదికి పోనీ. అవతల సముద్రంలో పోసేద్దాం" అంది.

గంట ప్రయాణం. దారిలో ఆమె తన పైచొక్కా తడిపి వాటి మీద కప్పింది. కట్ట మీద కాపలావాడు అడ్డొచ్చాడు.

"అమ్మా, ఇక్కడ చెత్త పారబోయకూడదు."

"చెత్తా? వయసులో నీకంటే పెద్దవి కొన్ని ఉన్నాయి ఇందులో. జరుగు."

అతను ఓసారి తొట్టిలోకి చూసి పక్కకి తప్పుకున్నాడు.

కట్ట అవతల సముద్రం ఉంది, బురద లేదు. అన్నీ బండరాళ్ళు, వాటి కింద లోతు. ఆల్చిప్పకి దూరడానికి మెత్తటి నేల ఉండాలని నాకే తెలుసు, ఆమెకి తెలియదా? అయినా బుట్ట తర్వాత బుట్ట వంచింది. అవి రాళ్ళకి తగిలి టకటకమంటూ కిందికి పోయాయి. కొన్ని పగిలాయి. చివరి బుట్ట ఆమె వంచలేకపోయింది. నేనే వంచాను.

"యాంగ్‌గిల్ని తన్నడం కాదురా. ఎనిమిది ఇళ్ళకి నేనే తిరిగాను" అంది.

మేం తిరిగొచ్చేసరికి ఎండ కాస్తోంది. తొట్టిలో పట్టినవి ఎన్ని? పర్ర మీద మిగిలినవి కంటికి ఆనినంత దూరం నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. రెండు రోజులకి కంపు మొదలైంది. ఊరంతా కిటికీలు మూసుకుని, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుకున్నారు. పెద్దమ్మ తన కిటికీ తీసే ఉంచింది. అన్నం ఆ కిటికీ దగ్గరే తినేది. "మూసుకో పెద్దమ్మా" అంటే వినేది కాదు.

ఆగస్టు నెలాఖరుకి గాలి మారింది. ఒకరోజు పొద్దున్నే కంపు లేదు. ఊళ్ళో అందరూ దుప్పట్లు బయట ఆరేసుకున్నారు. నేను పెద్దమ్మ ఇంటికి వెళ్ళేసరికి ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీలుస్తోంది.

"ఏమన్నా వాసన వస్తోందేమో చూడరా" అంది.

పీల్చి చూశాను. గడ్డి వాసన వస్తోంది. ఆ మాటే చెప్పాను. కంపు ఇంకా ఉందని అబద్ధం చెప్పాల్సిందేమో, తోచలేదు. ఆమె నా భుజం పట్టుకుని ఏడ్చింది. మొగుడు పోయిన రోజు కూడా అలా ఏడవలేదని పిల్‌సున్ చెప్పింది.