కలెక్టర్ కదలలేదు

జగన్మోహన్ పోయాక ఫణిని చూసినవాళ్లందరూ ఒకటే మాట అన్నారు, మనిషి భలే నిబ్బరంగా ఉన్నాడని. నిబ్బరమూ కాదు, పాడూ కాదు. లోపల ఏమీ లేదు, అంతే. పళ్ల డాక్టరు సూది పొడిచాక దవడ ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉన్నాడు. పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకునేవాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, నిన్న ఏం చేశాడో ఈరోజు ఏం చేయబోతున్నాడో టీమ్‌కి అప్పజెప్పేవాడు. సాయంత్రం లాన్ మీద రాలిన ఆకులు ఊడ్చేవాడు. భార్య ప్రసూన ఏం వడ్డిస్తే అది తినేవాడు. ఓ రోజు చారులో ఉప్పు వేయడం మరిచిపోయింది. అతను కిక్కురుమనకుండా గిన్నె ఖాళీ చేసి లేచాడు. ఆ రోజు ఆమెకి నిజంగా భయం వేసింది.

జగన్, ఫణి ఒకే ఏడాది అమెరికా వచ్చి మోరిస్‌విల్‌లో దిగి, ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒకే రైస్ కుక్కర్ పంచుకున్నవాళ్లు. తర్వాత పెళ్లిళ్లయ్యాయి, ఇళ్లు కొన్నారు, అవీ నాలుగు వీధుల దూరంలోనే. మిగతా తెలుగువాళ్లు వారాంతాల్లో పార్కులో క్రికెట్ ఆడుకుంటుంటే వీళ్లిద్దరూ నారింజ రంగు జాకెట్లు తొడుక్కుని, తుపాకులు పట్టుకుని, పైన్ చెట్ల మధ్య పిట్టల కోసం తిరిగేవారు. జగన్‌కి ఈ పిచ్చి అతని మొదటి మేనేజరు అంటించాడు. ఫణికి జగన్ అంటించాడు. తెలుగు అసోసియేషన్ వాళ్లు వీళ్లని చూసి తెగ వెక్కిరించేవారు. ఫ్రీజర్‌లో కౌజు పిట్టలున్నాయని తెలిస్తే మాత్రం ఆ వెక్కిరించినవాళ్లే అందరికంటే ముందొచ్చి కంచాల ముందు కూర్చునేవారు.

ఇద్దరికీ తగువల్లా ఒక్క విషయంలోనే. కుక్క.

ఫణిది లాబ్రడార్ పార్టీ. లాబ్రడార్ నీటి ఒడ్డున మనిషి పక్కనే కుదురుగా కూర్చుంటుంది. బాతు ఎక్కడ పడిందో చూసుకుంటుంది. 'తే' అనగానే చలినీళ్లలోకి దూకి, దాన్ని నోట్లో మెత్తగా కరుచుకొచ్చి చేతిలో పెడుతుంది. జగన్‌ది పాయింటర్ పార్టీ. అది తేవడానికి కాదు, చూపించడానికి పుట్టిన జాతి. గడ్డిలో ముందు పరిగెత్తి, వాసన పట్టి, కౌజులు దాక్కున్న పొద ముందు ఒక కాలు పైకెత్తి బొమ్మలా నిలబడిపోతుంది. మనిషి నడిచొచ్చి పిట్టల్ని లేపేదాకా అక్కణ్ణించి కదలదు.

"పడిందాన్ని తెచ్చేదిరా కుక్కంటే," అనేవాడు ఫణి. "నీది కుక్క కాదు, కలెక్టర్. వేలు చూపిస్తుంది, పని మనం చేసుకోవాలి."

"కంటికి కనపడనిదాన్ని చూపించడమేరా అసలు పని. పడ్డాక తేవడానికి ఏముంది? నేను తెచ్చుకోలేనా?" అనేవాడు జగన్.

జగన్ ఎలాంటివాడంటే, తన కొత్త పాయింటర్ కూనకి ఆ వెక్కిరింతనే పేరుగా పెట్టేశాడు. తెల్లటి ఒంటి మీద కాఫీ రంగు మచ్చలున్న ఆ కుక్క ఊరందరికీ కలెక్టర్ అయిపోయింది. దానికి ట్రైనింగ్ ఒక అమెరికన్ దగ్గర ఇప్పించాడు. వేటలో అది పిట్టని చూపించి నిలబడ్డాక, ఫణి తుపాకీ పేల్చాక, జగన్ వంగి దాని తల మీద చెయ్యేసి చెవిలో ఏదో అనేవాడు. అప్పుడు గాని అది ఉరికేది కాదు. "ఏంట్రా, గాయత్రీ మంత్రమా?" అని దూరం నుంచి ఫణి అరిచేవాడు. జగన్ నవ్వేవాడే గాని అదేమిటో చెప్పేవాడు కాదు.

ఫణి లాబ్రడార్ పేరు కాటుక. దానికి ట్రైనరూ లేడు, ఏమీ లేడు. రా, పో, తే, కూర్చో, అన్నీ ఫణే తెలుగులో నేర్పాడు. అమెరికాలో తెలుగు పూర్తిగా అర్థమయ్యే సెకండ్ జనరేషన్ ఈ కాటుకొక్కతేనని జగన్ అందరి ముందూ అనేవాడు. అది ముసలిదై కిందటేడు చనిపోయింది. మళ్లీ లాబ్రడార్ కూననే తెచ్చుకుందామని ఫణి కూనలు పెంచి అమ్మే ఒక బ్రీడర్ దగ్గర పేరు రాయించుకున్నాడు.

ఆ సంగతి తెలిసి జగన్ ఆఫీసు నుంచి ఇంటికి డ్రైవ్ చేస్తూ ఫోన్ చేశాడు.

"లాబ్ వద్దురా ఫణీ. మోకాళ్లు నొప్పులంటున్నావు, ఆ చలినీళ్లలో ఎన్నాళ్లు నానతావు? పాయింటర్ తీస్కో. ఇద్దరం కలిసి నడుద్దాం. సరేనా?"

"చూద్దాంలే."

"చూద్దాంలే కాదు. సరే అను."

"మీటింగ్ ఉందిరా, పెట్టేస్తున్నా."

మర్నాడు పొద్దున జగన్ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద కుప్పకూలిపోయాడు. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయింది. దహనం రోజున ఫణి అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. పురోహితుణ్ణి పిలిచాడు, అందరికీ మంచినీళ్లందించాడు, కార్లు ఎక్కడ పెట్టాలో చూపించాడు. ఏడుపు రాలేదు. తర్వాతైనా వస్తుందనుకున్నాడు. రాలేదు.

చలికాలం మొదలయ్యే వేళకి జగన్ భార్య రాధారాణి ఇల్లు అమ్మేసి, ఫ్రీమాంట్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లిపోవడానికి సిద్ధమైంది. అక్కడ అపార్ట్‌మెంట్. రోజంతా పరిగెత్తే కుక్కకి చోటు లేదు.

"కలెక్టర్‌ని మీరు ఉంచుకుంటారా అన్నయ్యగారూ?" అని అడిగింది. "లేకపోతే జార్జియాలో, ఇల్లు లేని కుక్కల్ని చేరదీసే రెస్క్యూ వాళ్లు తీసుకెళ్తామన్నారు. బలవంతం లేదు."

ఫణి ఇంటికొచ్చి ప్రసూనకి చెప్పాడు.

"నాకు ఏదైనా ఒకటే. కానీ ఈ ఇంట్లో కుక్క మాత్రం ఒకటే. లాబో, కలెక్టరో తేల్చుకో," అంది ప్రసూన.

బ్రీడర్ కూడా ఆ వారమే ఫోన్ చేసింది. కూనలు ఇళ్లకి వెళ్లే వయసుకొచ్చాయి, ఆదివారానికల్లా మాట చెప్పకపోతే మీ కూనని వెనకున్నవాళ్లకి ఇచ్చేస్తానంది. ఫణి ఆమె పంపిన ఫొటో చూశాడు, నల్లగా, గుండ్రంగా, ముద్దొచ్చేలా ఉంది. ముద్దొస్తుందని తెలుస్తోంది గాని ముద్దు రావడం లేదు. కలెక్టర్ గురించి ఆలోచించినా అంతే. సరే, వేట కుక్కే కదా, వేటలోనే తేలుతుంది అనుకుని శనివారం పొద్దున జగన్ ఇంటికెళ్లి దాన్ని కార్లో ఎక్కించుకుని, వాళ్లెప్పుడూ వెళ్లే పైన్ అడవికి తీసుకెళ్లాడు.

కలెక్టర్ కారు దిగి, డ్రైవర్ సీటు తలుపు దగ్గరికెళ్లి వాసన చూసింది. కారు చుట్టూ తిరిగొచ్చి మళ్లీ అక్కడే చూసింది. ఫణి దాని మెడపట్టీ నుంచి తాడు విప్పి చెయ్యి ముందుకి ఊపాడు.

"పో."

నాలుగు అంగలు వేసిన కుక్క టక్కున ఆగిపోయింది.

"పో రా, పో."

ఒక కాలు పైకెత్తి ఇంకా బిగుసుకుపోయింది. ముందు పిట్ట లేదు, పొద లేదు, ఉత్త ఇసుక దారి. ఫణి ముందుకి నడిచి చూపించాడు. చప్పట్లు కొట్టాడు. వెనక్కొచ్చి నడుం మీద తట్టాడు. "పో" అన్నప్పుడల్లా అది నేలలో పాతేసినట్టు నిలబడుతోంది. కళ్లు మాత్రం అతని మొహం మీదే ఉన్నాయి. ఎండ పైకొచ్చేదాకా చూసి, తుపాకీని సంచిలో పెట్టేశాడు. తాడు తగిలించి కలెక్టర్‌ని కారు దాకా లాక్కొచ్చాడు.

తిరిగొస్తూ అతనికి ఒకటే అనిపించింది. దీనికి జగన్ లేడని తెలుసు. జగన్ లేకుండా అడుగు వేయనంటోంది. కుక్కకున్నపాటి దుఃఖం తనకి లేకపోయింది. ఈ ఆలోచనకి సిగ్గు పడాలని తెలుసు. ఆ సిగ్గూ రాలేదు. ఎర్రలైటు దగ్గర ఆగి, బ్రీడర్‌కి ఏం చెప్పాలో మనసులో వాక్యం తయారు చేసుకున్నాడు.

జగన్ ఇంటి గరాజ్ తలుపు తెరిచి ఉంది. లోపల ఫ్రీమాంట్ వెళ్లాల్సిన అట్టపెట్టెలు. రాధారాణి టేపు అంటిస్తోంది.

"నావల్ల కాదమ్మా," అన్నాడు ఫణి. "వాడు జగన్ మాటే వింటాడు. పొద్దుట్నుంచీ ఒక్క అడుగు వెయ్యలేదు. ఆ జార్జియా వాళ్లకి ఫోన్ చేసెయ్యండి."

ఆమె టేపు చివర గోటితో నొక్కి, "ఓకే అన్నయ్యగారూ," అంది.

ఆదివారాలు పిల్లలకి తెలుగు క్లాసు చెప్పే మనిషి, నోట ఇంగ్లీషు ముక్క దొర్లితే పిల్లల చెవి మెలిపెట్టే మనిషి, ఓకే అనడం ఫణికి వింతగానే తోచింది. పట్టించుకునే ఓపిక లేదు. కారు దగ్గరికొచ్చి వెనక తలుపెత్తి కలెక్టర్‌ని దింపాడు, తాడు తీసేశాడు. వెళ్దామని తిరిగేసరికి కుక్క అతని వెంటే వస్తోంది.

"పో. ఇంట్లోకి పో."

కారుకీ గరాజ్‌కీ మధ్య, డ్రైవ్‌వే మీద, కలెక్టర్ ఆగిపోయింది. కాలు పైకి లేచింది.

"పో అంటుంటే!"

ఇంకా బిగుసుకుంది. ఒళ్లు సన్నగా వణుకుతోంది. ఫణికి ఎక్కణ్ణించి వచ్చిందో కోపం తన్నుకొచ్చింది. "పో అంటే పోవేం! వాడు లేడు! ఎంతసేపు నిలబడ్డా రాడు! పో!" అని వీధి వీధంతా వినపడేలా అరిచాడు. జగన్ పోయాక అతని గొంతు పెరగడం అదే మొదటిసారి.

ఆ అరుపుకి జగన్ కూతురు దియ బయటికి పరిగెత్తుకొచ్చింది. తల్లికి సాయం చేయడానికి కాలేజీ నుంచి వచ్చిన పిల్ల.

"ఫణి అంకుల్, వై ఆర్ యూ టెల్లింగ్ హిమ్ వో?"

"వో ఎక్కడన్నానమ్మా? పో అన్నాను. పొమ్మన్నాను."

దియ నవ్వబోయి, అతని మొహం చూసి ఆపుకుంది.

"మీరు పో అంటే వాడికి వో వినిపిస్తుంది అంకుల్. వో అంటే స్టాప్. డోంట్ మూవ్. ట్రైనర్ అది ఫస్ట్ నేర్పించాడు. మీరు గట్టిగా అరిస్తే వాడు గట్టిగా నిలబడతాడు. హీ ఈజ్ బీయింగ్ సో గుడ్, అంకుల్."

ఫణి కుక్క వంక చూశాడు. పొద్దుట్నుంచీ అడవిలో అది తన మాట విననే లేదనుకున్నాడు. వింది. అన్నిసార్లూ వింది. తను పొమ్మన్నకొద్దీ ఉండిపొమ్మన్నట్టు విని, ఉండిపోయింది.

"మరి కదలమని ఏమనాలి?"

దియ కలెక్టర్ వైపు ఓరగా చూసి, దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "లౌడ్‌గా చెప్పకూడదు, వాడు రన్ చేస్తాడు. ఫీల్డ్‌లో ఇంకెవరూ అనని వర్డ్ పెట్టుకోమని ట్రైనర్ చెప్పాడు. ఓకే అని పెడితే అది అందరూ అంటారు కదా. సో నాన్న తెలుగు వర్డ్ పెట్టాడు. ఇంట్లో మేం ఎవ్వరం ఆ వర్డ్ అనం. అమ్మ కూడా ఓకే అంటుంది, షీ హేట్స్ ఇట్." అని అతని చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "సరే," అంది.

ఫణి ఆ మాట విని నిలబడిపోయాడు. ఇద్దరూ నిలబడ్డారు, అతనూ కుక్కా, ఎదురెదురుగా. చూద్దాంలే కాదు, సరే అను. ఒక్క మాట. నోరు తెరిస్తే అయిపోయే మాట. మీటింగ్ ఉందన్నాడు. నిజానికి ఆ మీటింగ్ కాన్సిల్ అయింది కూడా.

"అంకుల్, వాడి లెగ్ నొప్పి పుడుతుంది. చెప్పండి," అంది దియ.

ఫణి మోకాళ్లు వంచి, డ్రైవ్‌వే మీదే కూలబడి, జగన్ చేసినట్టే కలెక్టర్ తల మీద చెయ్యేశాడు. వెచ్చగా ఉంది. అరచేతికి దాని వణుకు తెలిసింది.

"సరే," అన్నాడు. ఊపిరి తప్ప ఏమీ బయటికి రాలేదు. కుక్క చెవి మాత్రం కదిలింది.

"సరేరా," అన్నాడు మళ్లీ. "సరేరా జగన్. నువ్వు చెప్పినట్టే. సరే."

కలెక్టర్ ఒక్క ఉరుకు ఉరికింది. లాన్ దాటి, పొదల పక్కగా, తోక ఊపుకుంటూ వీధిలోకి దూసుకుపోయింది. దియ అరుస్తూ వెంటపడింది. ఫణి లేవలేదు. సిమెంటు మీద రెండు చేతులూ ఆన్చి, చిన్నపిల్లాడు ఏడ్చినట్టు ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాడు.

రాధారాణి టేపు చేత్తోనే బయటికొచ్చి పక్కన నిలబడింది. ఆమె కళ్లూ తడిసే ఉన్నాయి.

"ఎటు పోయాడో ఏంటో. తాడు కూడా లేదు," అంది వీధి కొసకేసి చూస్తూ.

ఫణి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

"ఎంత దూరం పోతాడమ్మా? వో అంటే ఆగుతాడుగా," అన్నాడు. "పట్టుకొస్తాను. వాడి గిన్నె, దుప్పటి కార్లో పెట్టించండి. మా ఇంటికి తీసుకెళ్తాను."