కూర్చున్న చోటికే వచ్చిన భోజనం

కాశీ ప్రయాణానికి అరుణమ్మ మూడు గోనెసంచుల నిండా తిండి కట్టించింది. సకినాలు, మలీద ముద్దలు, మక్క గారెలు, పులిహోర, నాలుగు రకాల తొక్కులు, మూడు పూటలకు సరిపడా జొన్నరొట్టెలు. లింగాల ఘనపూర్‌లో ఆమె మాటకు ఎదురులేదు. ఆమె భర్త నారాయణ ఒకప్పుడు సర్పంచిగా చేశాడు గానీ, తనతో కలిపి ఊరి ఆడవాళ్లను పదకొండు మందిని కూడగట్టి, టికెట్లు తీయించి, కాశీలో సత్రం మాట్లాడిపెట్టింది మాత్రం అరుణమ్మే.

"బండ్ల తిండి ఎవ్వలు ముట్టొద్దు. ఎవలు వండిండ్రో, ఏ నూనె పోసిండ్రో మనకేం ఎరుక" అని ఇంటి ముందు ఆటో ఎక్కకముందే అందరితో చెప్పింది.

ఆ పదకొండు మందిలో కనకలక్ష్మి వంటమనిషిగా వచ్చింది. సత్రంలో నాలుగు రోజులు అందరికీ వండిపెట్టడం ఆమె పని. యాభై రెండేళ్ల మనిషి. పద్నాలుగో ఏట తల్లి వెంట పెళ్లిళ్ల వంటకు పోవడం మొదలుపెట్టింది. జనగామ చుట్టుపక్కల ఫంక్షన్‌హాళ్లలో ఆమె చేతి పచ్చిపులుసు పోసుకోని పెళ్లివారు తక్కువ. కానీ ఇన్నేళ్లలో ఆమె ఒక్క పెళ్లిలోనూ బంతిలో కూర్చుని తినలేదు. అందరి భోజనాలూ అయ్యాక, అన్నం వండిన అండ పక్కనే పీట వేసుకుని, అడుగున మిగిలింది తినేది. అప్పటికి స్వీటు ఉండదు, అప్పడం ఉండదు. వంటవాళ్ల బతుకు అంతేలే అనుకునేది తప్ప దానికి చిన్నబుచ్చుకునేది కాదు.

అయితే ఒక్క కోరిక మాత్రం ఆమె మనసులో చాలా కాలంగా ఉంది. భర్త ఉప్పలయ్య వయసులో ఉన్నప్పుడు బొంబాయికి కూలికి పోయి వచ్చేవాడు. "రైల్ల సీటు మీద కూసుంటే సాలే. మనిషే మన దగ్గరికొచ్చి ఏం తింటవ్ అని అడుగుతడు. పళ్లెం మన ఒళ్లె పెడతడు. తిన్నంక పళ్లెం గూడ ఆయనే తీస్కపోతడు" అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ చివరి మాట దగ్గర కనకలక్ష్మి ప్రతిసారీ ఆగిపోయేది. ఎంగిలి పళ్లెం ఇంకొకరు తీయడం అనేది ఆమె ఊహకు అందేది కాదు.

కాజీపేటలో రైలెక్కారు. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు విప్పారు. కనకలక్ష్మి అందరికీ పంచి, ఆఖరున తనూ రెండు ముద్దలు తిన్నది. సాయంత్రం ఒక మనిషి చేతిలో చిన్న పుస్తకం పట్టుకుని, రాత్రి భోజనం ఎవరికి కావాలని అడుగుతూ వచ్చాడు. నీలం చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. అంతా హిందీ.

అరుణమ్మ కిటికీ వైపు తిరిగి కునుకు తీస్తోంది. కనకలక్ష్మి ఆమె వంక ఒకసారి చూసింది. ఒక వేలు పైకెత్తి, "భోజనం. ఒకటి" అన్నది.

"అండా?" అని అడిగాడతను.

అండలోంచి తీసి వేడివేడిగా ఇమ్మంటావా అని అడుగుతున్నాడనుకుంది కనకలక్ష్మి. ఎంత మర్యాద అనిపించింది. "ఆ, అండలదే" అని సంతోషంగా తలూపింది.

రాత్రి భోజనం డబ్బా వచ్చింది. మూత తీస్తే బిర్యానీ మీద రెండు కోడిగుడ్లు నిండుగా నవ్వుతున్నట్టు కూర్చుని ఉన్నాయి. అప్పటికి అరుణమ్మ మేలుకునే ఉంది.

"ఏంది కనకమ్మా ఇది. కాశికి పోతున్నమా, దావత్‌కు పోతున్నమా?"

"నేను అండ అంటే అండనే అనుకున్ననమ్మా."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అరుణమ్మకు కూడా నవ్వు వచ్చింది గానీ, ముఖం గంభీరంగానే పెట్టింది. ఆ డబ్బాను కనకలక్ష్మి ఎదుటి పై బెర్తు మీది సిపాయికి ఇచ్చేసి, జొన్నరొట్టె, తొక్కు తిని పడుకుంది.

తెల్లవారి లేచాక కూడా ఆ సంగతి ఆమెను వదల్లేదు. దగ్గరదాకా వచ్చిన పళ్లెం చేయిదాటిపోయింది. తొమ్మిది గంటలప్పుడు, రైల్లో వంట చేసే పెట్టె ఎటువైపని టీ అమ్మే మనిషిని సైగలతో అడిగింది. అతను ముందుకు చూపించాడు. "బాత్‌రూమ్‌కు పోయొస్త" అని అరుణమ్మకు చెప్పి బయలుదేరింది. ఏడు పెట్టెలు దాటింది. పెట్టెకూ పెట్టెకూ మధ్య ఇనుప పలక కాళ్ల కింద కదులుతుంటే చెంగు నడుముకు బిగించి, గోడ పట్టుకుని నడిచింది. ఏడోది దాటగానే ఉల్లిగడ్డ వేగుతున్న వాసన వచ్చింది. ఇక దారి ఎవరినీ అడిగే పని లేకపోయింది.

వంట పెట్టె వాకిట్లో నిలబడి లోపలికి చూసింది. సన్నని నడవ, ఒక పక్క పొయ్యిలు, స్టీలు బల్లలు, నడుము ఎత్తు గిన్నెలు. నలుగురైదుగురు చెమటలు కక్కుతూ పనిచేస్తున్నారు. అందరిలో పెద్దగా కనిపించే ఒకాయన కాళ్లు ఎడంగా పెట్టి, బండి ఎటు ఊగితే అటు తనూ ఊగుతూ ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. కత్తి మాత్రం తడబడటం లేదు. కనకలక్ష్మి కాసేపు ఆ కత్తినే చూసింది. తర్వాత పప్పు గిన్నె వంక చూసి, తనలో తాను అనుకుంటున్నట్టు పైకే అనేసింది.

"ఇంత పెద్ద గిన్నెల సగమే వోసిండు, ఏందో."

ఆయన చప్పున తలెత్తాడు. "మూలమలుపు కాడ గిన్నె ఒరుగుతది అక్కా. నిండ వోస్తే పప్పంత నేల మీదనే ఉంటది. ఏ ఊరు మీది?"

ఆ మాట వినగానే కనకలక్ష్మికి సొంత వాకిట్లో నిలబడ్డట్టయింది. "లింగాల ఘనపూర్. జనగామ కాడ. మీది?"

"గార్ల. మానుకోట జిల్లా. నా పేరు యోసేపు. ఇరవై రెండేండ్ల సంది గీ బండ్లల్లనే ఉన్న." అంటూ చేతులు తుడుచుకున్నాడు. "చెప్పక్కా. ఏం తక్కువైంది? ఉప్పా, కారమా?"

"తక్కువైందని రాలే తమ్మీ."

యోసేపు ఆమె వంక వింతగా చూశాడు. వంట పెట్టె దాకా నడిచి వచ్చినవాళ్లు ఇంతవరకూ తిట్టడానికే వచ్చారు. కనకలక్ష్మి తన కోరిక, రాత్రి జరిగిన అండ కథ, రెండూ దాచకుండా చెప్పింది. అండ దగ్గరికి వచ్చేసరికి యోసేపు పని పక్కన పెట్టి, గోడకు ఆనుకుని నవ్వాడు. పక్కవాళ్లకు హిందీలో చెప్పాడు. వాళ్లూ నవ్వారు.

"మీరు గూడ వంటోళ్లేనా అక్కా?"

"ముప్పై ఎనిమిదేండ్ల సంది. కని నా పొయ్యి ఊగదు."

"మీ పొయ్యి ఊగదు, మీ పెండ్లివారు ఊగుతరు గదా" అన్నాడు యోసేపు. ఈసారి నవ్వు ఆమె వంతయింది. ఇద్దరూ వాకిలికి అటొకరు ఇటొకరు నిలబడి పని మాటలు మాట్లాడుకున్నారు. మూడు వందల మందికి బియ్యం ఎప్పుడు ఎసట్లో పోస్తాడు, చపాతీలు మెత్తగా ఎట్లా ఉంచుతాడు అని ఆమె అడిగింది. పచ్చిపులుసులో నువ్వులు వేయించి దంచాలా, దంచి వేయించాలా అని ఆయన అడిగాడు. ఆయన ఇంటికి పోయి నెల దాటిందట. లోపలికి ఎవరినీ రానివ్వకూడదని రూలు ఉందని, లేకుంటే పీట వేసేవాడినని నొచ్చుకున్నాడు.

"పీట ఎందుకు తమ్మీ. నా సీటు కాడికే రావాలె. గదే నాకు గావాలె."

"నంబరు చెప్పుండ్రి" అన్నాడు యోసేపు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు అరుణమ్మ సంచులు విప్పింది. పులిహోర పులిసిన వాసన కొట్టింది. రొట్టెలు అట్టల్లా బిగిసిపోయాయి. ఇంకా మలీద ముద్దలున్నాయిలే అంటుండగానే, తెల్ల ఏప్రాన్ కట్టుకున్న యోసేపు స్వయంగా పళ్లెం పట్టుకుని వచ్చాడు.

"అక్కా, మీ భోజనం" అని కనకలక్ష్మి ఒడిలో పెట్టాడు.

అన్నం పొగలు కక్కుతోంది. రెండు చపాతీలు, ఆలుగడ్డ కూర, చిన్న డబ్బాలో పెరుగు, తొక్కు పొట్లం. పప్పు మీద మాత్రం ఎండుమిరపకాయ, వెల్లుల్లి, కరివేపాకుతో వేసిన పోపు మెరుస్తోంది. ఆ పెట్టెలో ఇంకెవరి పళ్లెంలోనూ ఆ పోపు లేదు.

పది మంది చూస్తుండగా కనకలక్ష్మి తిన్నది. తొందరపడలేదు. ముందు పప్పు, తర్వాత కూర, ప్రతి ముద్దనూ నోట్లో నిలబెట్టుకుని రుచి చూసింది. కూరలో పసుపు పచ్చివాసన ఉందని తెలిసింది, చెప్పలేదు. యోసేపు పరీక్ష రాసిన పిల్లవాడిలా నిలబడి ఉన్నాడు.

"పప్పు మంచిగ కుదిరింది తమ్మీ" అన్నది. ఆయన ముఖం విప్పారింది.

అరుణమ్మ ఆ పళ్లెం వంక ఒకసారి, పులిసిన పులిహోర వంక ఒకసారి చూసింది. "ఆ పప్పు ఒక చెంచాడు ఇటెయ్యి కనకమ్మా" అన్నది మెల్లగా. వేసింది. తిన్నది. తర్వాత యోసేపు వైపు తిరిగింది.

"నాయినా, ఇసొంటి పళ్లాలు ఇంకా ఉన్నయా?"

"ఎన్ని గావాలమ్మా?"

"పది" అన్నది అరుణమ్మ, అందరి తరఫునా.

తిన్నాక యోసేపు చేయి చాచాడు. కనకలక్ష్మి పళ్లెం ఇవ్వకుండా వెనక్కి లాక్కుంది. ఎంగిలిది ఎట్లా ఇవ్వడం అని చేతులు ఒప్పుకోలేదు. "ఇయ్యి అక్కా. ఇది గూడ భోజనంలదే" అన్నాడతను. ఆమె ఇచ్చింది. ఖాళీ చేతులను చెంగుకు తుడుచుకుంటూ, ఏం చేయాలో తెలియక కిటికీ బయటికి చూసింది. పచ్చగా గోధుమ చేలు వెనక్కి పోతున్నాయి. ఆ తర్వాత ఉప్పలయ్యకు ఫోన్ చేసింది.

"తిన్నవా?" అని అడిగాడాయన.

"తిన్న. పళ్లెం గూడ ఆయనే తీస్కపోయిండు."

"నేను జెప్పలేదా?" అన్నాడు ఉప్పలయ్య. ఆ రైలు తానే నడుపుతున్నంత గర్వంగా ఉంది ఆ గొంతు.

కాశీలో నాలుగు రోజులూ కనకలక్ష్మి సత్రంలో వండింది. తిరుగు ప్రయాణానికి అరుణమ్మ తిండి సంచులు కట్టించలేదు. రైలు కదలకముందే రాత్రి భోజనం రాసుకునే మనిషి కోసం తలుపు వైపు చూస్తూ కూర్చుంది. అది వేరే రైలు, వేరే వంటవాళ్లు. పప్పు నీళ్లలా ఉంది. పది మందీ కనకలక్ష్మి వండినట్టే ఆమె వంక చూశారు.

ఆషాఢంలో పెళ్లిళ్లు ఆగిపోయాయి. ఆ ఖాళీలో కనకలక్ష్మి తనతో పొయ్యిల దగ్గర పనిచేసే ఐదుగురు ఆడవాళ్లను, భూపాలపల్లిలో ఉండే చెల్లెలు వసంతను వెంటబెట్టుకుని తిరుపతి రైలెక్కింది. భూపాలపల్లికి రైలు లేదు. నలభై ఆరేళ్లు వచ్చినా వసంత రైలెక్కడం అదే మొదటిసారి. కాజీపేట దాటాక రాత్రి భోజనం ఎందరికని ఒకతను అడుగుతూ వచ్చాడు. ఏడు అని చెప్పింది కనకలక్ష్మి. గుడ్డు వద్దని రెండుసార్లు చెప్పింది.

పళ్లాలు రాగానే వసంత అలవాటు కొద్దీ లేచి, వాటిని అందుకుని పంచబోయింది. కనకలక్ష్మి ఆమె చెయ్యి పట్టి కిందికి గుంజింది.

"కూసోవే. ఇయ్యాల వడ్డిచ్చేటోళ్లు వేరే ఉన్నరు."

వసంత కూర్చుంది. ఏడుగురూ మూతలు తీశారు. కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నదాని మీద ఖమ్మం వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నారు.