ఏడుపు మధ్య ఊపిరి

ఎక్స్‌రే గదిలో స్టూలున్నా, కోదండపాణి దానిమీద కూర్చోగా చూసినవాళ్లు లేరు. రాత్రి డ్యూటీ అంతా చెప్పులు టపటపలాడిస్తూ తిరుగుతూనే ఉంటాడు. బల్లమీద పడుకోబెట్టిన పసివాళ్లను తల్లులు ఊరుకోబెట్టబోతే, తెలుగువాళ్లయితే "ఏడవనీ తల్లీ" అంటాడు, కాకపోతే హిందీలో "రోనే దో దీదీ" అంటాడు. గుక్కపెట్టిన బిడ్డ మళ్లీ ఏడవడానికి గుండెల నిండా గాలి పీల్చుకుంటుంది. ఆ రెప్పపాటులో మీట నొక్కితేనే ఛాతీ ఫొటో సరిగ్గా వస్తుంది. అందుకని ఆ ఏడుపుతోపాటు తనూ ఊపిరి బిగబడతాడు.

ఆ రాత్రి ఇందిరాపురం నుంచి రేవతి అనే ఆవిడ దగ్గుతో ఉన్న ఏడాది బాబును తెచ్చింది. పడుకోబెడితే వాడు కిక్కురుమనలేదు. "ఆటోలో ఒకటే ఏడుపండీ, ఇప్పుడే నెమ్మదించాడు," అంది తేలికపడుతూ. కోదండపాణి మీట వదిలేసి వచ్చి బాబు అరికాలు గిల్లాడు. కాలు కదల్లేదు. బిడ్డను భుజాన వేసుకుని ఎమర్జెన్సీకి పరుగెత్తాడు. డాక్టర్లు ఆక్సిజన్ పెడుతుంటే తలుపు బయట అటూ ఇటూ తిరిగాడు. చాలాసేపటికి లోపల సన్నగా ఏడుపు మొదలై, గుక్క అందుకుంది. రేవతి లోపలికి ఉరకబోయింది.

"కాసేపు ఏడవనీ తల్లీ," అన్నాడు, గోడకు చేరబడి నేలమీద కూలబడుతూ.