కాలు విరిగిన ఆడపడుచు

మా మేడ మీద రెండు గదుల పోర్షను ఖాళీ అయిన వారానికి అతను వచ్చాడు. ఊరు టాంజానియా. గుడివాడ దగ్గర కాలేజీలో బి.టెక్. చదవడానికి వచ్చాడట. గేటుకు వేలాడుతున్న టు-లెట్ బోర్డు చూపిస్తూ, సగం తెలుగు సగం ఇంగ్లీషులో ఇల్లు ఖాళీగా ఉందా అని అడిగాడు. అవనిగడ్డ నుంచి మా ఆడపడుచు వాళ్లు వచ్చి దిగుతున్నారని చెప్పి, గ్లాసుడు మజ్జిగ ఇచ్చి పంపేశాను.

నిజం ఇక్కడే చెప్పేస్తాను. అతను నల్లగా ఉన్నాడని ఇవ్వలేదు. ఇంకో కారణం ఏదీ లేదు. పెళ్లిచూపుల్లో రంగు తక్కువని రెండు సంబంధాలు తప్పిపోయినదాన్ని, ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలతో పాటు నీతులూ చెప్పినదాన్ని, ఆ పని చేశాను.

ఇల్లు ఇవ్వమని ముఖం మీద చెప్పడం మా వైపు మర్యాద కాదు. బంధువులు వస్తున్నారంటాం. విన్నవాళ్లు అర్థం చేసుకుని మళ్లీ ఆ గడప తొక్కరు. ఇతను మాత్రం తర్వాతి ఆదివారం మళ్లీ వచ్చాడు. మా ఆడపడుచు దిగిందా అని అడిగి, సామాను పైకి ఎక్కించడానికి సాయం చేస్తానన్నాడు. ఆషాఢంలో ఇల్లు మారరని చెప్పాను. అది నిజమే కాబట్టి కాస్త ధైర్యంగానే చెప్పాను. ఆషాఢం ఎప్పుడు అయిపోతుందో కనుక్కుని వెళ్లి, శ్రావణం వచ్చిన మొదటి ఆదివారానికల్లా గేటు దగ్గర నిలబడ్డాడు. నాకు చెమటలు పట్టాయి. మా ఆడపడుచు బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుందని అనేశాను. మర్నాడు డజను చక్కెరకేళీలు తెచ్చి, ఆవిడకు పంపమని నా చేతిలో పెట్టి వెళ్లాడు.

ఆ పళ్లు మా ఆయన తిన్నారు. నాలుగోది ఒలుచుకుంటూ, "మా చెల్లెలి కాలు ఎలాగూ విరిచావు. వచ్చే ఆదివారం దాన్ని చంపేసేలా ఉన్నావు. ఇల్లిచ్చెయ్యవే బాబూ," అన్నారు.

ఇచ్చాను. మూడేళ్లు మాతోనే ఉన్నాడు. తెలుగు ఎక్కువగా ఆటోస్టాండులోనే నేర్చుకున్నాడు. అక్కడివాళ్లు చెప్పారని నన్ను అత్తయ్యగారూ, మా ఆయన్ని మావయ్యగారూ అని పిలిచేవాడు. సాయంత్రం పూట డాబా మీద ఫోను ఎదురుగా నిలబడి ఏదో మాట్లాడుతుంటే కాలేజీ పని అనుకున్నాను. జోకులట. ఊరంతా ఆ వీడియోలు చూశాక గానీ మాకు తెలియలేదు. ఆటోలో అతను తొమ్మిదో మనిషిగా సగం బయటికి వేలాడుతుంటే, ఇంకా చోటుంది సర్దుకోండని డ్రైవరు అనడం ఒక జోకు. పెడనలో ముక్కూ మొహం తెలియని వాళ్ల పెళ్లిలో పొరపాటున భోజనానికి కూర్చుంటే, నువ్వెవరని ఒక్కరూ అడక్కపోగా, పెరుగు వేసుకోకుండా లేస్తున్నావేమని ఒక పెద్దాయన కోప్పడటం ఇంకొకటి.

నేను పుట్టి పెరిగిన ఊరిది. అరవై ఏళ్లుగా ఇవన్నీ నా కళ్ల ముందే జరుగుతున్నాయి. ఒక్కటీ నాకు కనిపించలేదు. అతనికి కనిపించింది. చూసినదాన్ని చూసినట్టు చెప్పి, ఎవరి మనసూ నొచ్చుకోకుండా అందర్నీ నవ్వించేవాడు. పరాయి దేశంలో, పరాయి భాషలో అది చెయ్యడం ఎంత కష్టమో, ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు తెలుసు. అతనంటే నాకు గౌరవం కలిగింది. ఇన్ని కనిపెట్టేవాడు నా అబద్ధాన్నీ కనిపెట్టాడేమోనని భయం కూడా మొదలైంది.

బందరులో హాలు తీసుకుని గంటసేపు ప్రోగ్రాం చేస్తున్నానని, ఇద్దరూ తప్పకుండా రావాలని పిలిచినప్పుడు గర్వంగానే ఉంది. ఇల్లు దొరికిన కథ కూడా చెప్తాను అనేసరికి గుండెల్లో రాయి పడింది. నా పాత విద్యార్థులు బందరులో చాలామంది ఉన్నారు. అది ఒక ఎత్తు. ఆడపడుచు కథ అతను నమ్మాడన్న ధైర్యంతోనే ఇన్నాళ్లూ అతని ముఖంలోకి చూడగలిగాను. నమ్మలేదని తేలితే ఇక ఎలా చూడను? ఆదివారం పొద్దున్న బస్సులో మా ఆయన కునికిపాట్లు పడుతుంటే, నేను బందరు దాకా అదే ఆలోచించాను.

హాలు నిండిపోయింది. మాకు మూడో వరసలో సీట్లు ఉంచాడు.

"గుడివాడలో పదకొండు ఇళ్లు అడిగానండీ," అన్నాడు మైకులో. "పదకొండిళ్లకీ బంధువులు వస్తున్నారు. ఇంతమంది ఎలా వస్తున్నారా అని స్టేషన్‌కి వెళ్లి కూర్చున్నాను. ఒక్కళ్లూ దిగట్లేదు."

జనం పగలబడి నవ్వారు. అతనికి మొదటి రోజు నుంచీ తెలుసు.

తర్వాత ఆషాఢం వచ్చింది, కాలు విరిగింది, అరటిపళ్లు వచ్చాయి. మా ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. అతను నా పేరు చెప్పలేదు, వీధి చెప్పలేదు, మా వైపు చూడను కూడా చూడలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగాడు.

"మిగతా పదిమందీ నవ్వుతూ చెప్పారండీ. ఈవిడకొక్కరికే చెమటలు పట్టేవి. అబద్ధం చెప్పడం రానివాళ్ల ఇంట్లో ఉంటే మంచిదనిపించింది. అందుకే మళ్లీ మళ్లీ వెళ్లాను."

అందరూ చప్పట్లు కొట్టారు. అంత సిగ్గులోనూ నేనూ కొట్టాను. ఆ పనితనానికి కొట్టకుండా ఉండలేకపోయాను. కానీ ఒకటి గమనించాను. ఆ పదకొండిళ్లూ తనకు ఎందుకు దొరకలేదో అతను ఒక్క ముక్క కూడా అనలేదు.

బస్టాండు దగ్గర హోటల్లో భోజనాలకు కూర్చున్నాం. మా ఆయన చేతులు కడుక్కోవడానికి లేచారు. ఇప్పుడు అనకపోతే జన్మలో అననని తెలిసి అనేశాను.

"ఆ రోజు నువ్వు నల్లగా ఉన్నావనే ఇల్లివ్వలేదు నాయనా. తప్పు చేశాను."

ఏ మాటకైనా ఓ జోకు సిద్ధంగా ఉంచుకునేవాడు, ఈసారి మంచినీళ్ల గ్లాసు పక్కకు జరిపి, నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"తెలుసు అత్తయ్యగారూ. స్టేజీ మీద అన్నీ నేనే చెప్పేశాను గానీ, ఆ ఒక్కటీ మీరు చెప్తారని వదిలేశాను. మూడేళ్ల నుంచీ ఎదురుచూస్తున్నానండీ."