కళ్ళజోడు పెట్టుకుంటే ధర్మకర్త

మా ఎదురింటి గడియారాల మేస్త్రీని వీధంతా ఇప్పుడు ట్రస్టు తాతయ్య అంటోంది. తాను పోయాక భార్య కోర్టుల చుట్టూ తిరగకూడదని, బతికుండగానే ఇల్లూ సామానూ ఒక ట్రస్టు కింద రాసి, ధర్మకర్తలుగా తననూ ఆమెనూ పెట్టాడు. అప్పటినుంచి ఆయన ఒంట్లో ఇద్దరు మనుషులు కాపురముంటున్నారు. పడక్కుర్చీలో కూర్చోవాలంటే కళ్ళజోడు తీసి, చేతులు కట్టుకుని అనుమతి అడుగుతాడు. మళ్ళీ జోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, "సరే, కూర్చో" అని తనే అంటాడు.

మొన్న నిచ్చెన తిరిగివ్వడానికి వెళ్ళేసరికి, ఆయన భార్య తన కుట్టుమిషను చెల్లెలికి ఇస్తానంటోంది.

"అది ట్రస్టుది. ఆలోచించాలి" అన్నాడు జోడు సర్దుకుంటూ.

"నా పుట్టింటి మిషనుకి మీ ఆలోచనేంటండీ! చెల్లెలు పని పోయి కూర్చుంది, దాని పొట్ట గడవొద్దూ?"

"రూలు రూలే."

ఆమె తడిచేతులు తుడుచుకుని, ఆయన ముక్కుమీది జోడు తీసి తను పెట్టుకుంది. "మంజూరు" అంది.

"అదేమిటే! నేనింకా ఉన్నానుగా!"

"ఉండగానే నేర్చుకోనివ్వండి. తరవాత తప్పు చేస్తే దిద్దేదెవరు?"

తాతయ్య లేచి నూనెడబ్బా తెచ్చి, తడుముకుంటూ మిషనుకి నూనె వెయ్యసాగాడు. జోడు ఆమె ఇవ్వలేదు, ఆయనా అడగలేదు.