థోవక్క స్టూలు

సైగాన్‌లో మా వీధి ఖాంగ్ ఇంట్లో సౌండు సర్దేది నేనే. స్పీకర్లు గాలిని ముందుకు తోసినప్పుడే, డోలు మోత పలికించే పెట్టె సబ్‌వూఫరూ తోయాలి. ఒకటి తోసి ఒకటి లాగితే మోత చచ్చిపోతుంది. ఇలా ఫేజ్ కలపడం కూర్చునే చోటును బట్టి మారుతుంది. ఖాంగ్ ఎప్పుడూ తన కుర్చీకే కలిపించేవాడు, మొండిఘటం.

ఆయన పోయాక ఏడాది పూజ కూడా అయ్యాక భార్య థోవక్క పిలిచింది. అలవాటుగా ఆ కుర్చీలో కూర్చోబోయాను.

"అక్కడ కాదు తమ్ముడూ. నా స్టూలు మీద కూర్చుని విను."

స్టూలు వంటింటి గుమ్మం పక్కన ఉంది. పాట పెట్టి అక్కడ కూర్చున్నాను. డోలు వినబడితే ఒట్టు!

"ఇన్నేళ్లూ ఇలాగే విన్నావా అక్కా? ఎప్పుడూ చెప్పలేదే!"

"ఆయన కళ్లు మూసుకుని తలాడించేవాడు. పాట వినడం నాకే రాదనుకున్నా."

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, సబ్‌వూఫర్ వెనకున్న ఫేజ్ స్విచ్ మార్చాను. డోలు నిండుగా లేచింది. థోవక్క చెయ్యి గుండె మీదికి వెళ్లింది. పాట అయ్యేదాకా కదల్లేదు.

తర్వాత అగరొత్తుల వెనకున్న ఖాంగ్ పటం వైపు తిరిగింది.

"ఒక్కపూట లేచి నన్ను కూర్చోమంటే నీ సొమ్మేం పోయేది?"