మా వెంట నలుగురూ వస్తారు

ఆ కమిటీ మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు. పోగొట్టుకోవాలని కూడా లేదు. వయసు మీద పడితే కోపాలు చల్లారతాయంటారు. నాకు మోకాళ్లు అరిగాయి గానీ ఇది మాత్రం అరగలేదు.

తొంభైల చివర్లో నేను చదివింది చల్లపల్లి వైపు ఒక చిన్న డిగ్రీ కాలేజీలో. ఫుట్‌బాల్ జట్టుకి నేనే కెప్టెన్‌ని. గ్రౌండ్ పేరుకే కాలేజీది. కోతలయ్యాక చుట్టుపక్కల రైతులు అందులో ధాన్యం ఆరబోసుకునేవాళ్లు. "కాస్త అటు పక్కకి లాక్కోండి బాబాయ్" అని బతిమాలుకుని, మిగిలిన సగంలో ఆడుకునేవాళ్లం. గోల్ పోస్టులు సరుగుడు కర్రలు. అలాంటి చోట ఆడినవాళ్లం ఆ ఏడాది కాలేజీల లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా మొదటి స్థానంలో నిలబడ్డాం. అందులో సగం మా గోల్‌కీపర్ చలవ. మిగతా సగం కూడా వాడి చలవేనేమోనని ఇప్పుడనిపిస్తుంది.

వాడిది విజయవాడ. తండ్రికి ఆటోనగర్‌లో లారీల కమాన్ కట్టలు, అంటే చక్రాల పైనుండే స్ప్రింగు పట్టీలు, బిగించే షెడ్డు ఉండేది. కొడుకు చేతులకి ఆ గ్రీజు అంటకూడదని తల్లి పట్టుబట్టి, పామర్రులో తన తమ్ముడింట్లో ఉంచి చదివించింది. ఆ మామ దర్జీ. మా చొక్కాల మీద నంబర్లు కుట్టింది ఆయనే. వాడికి కావలసింది ఒక్కటే, యూనివర్సిటీ జట్టులో చోటు. అది దొరికితే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి పనికొస్తాడు. దొరక్కపోతే షెడ్డే గతి. డిగ్రీ చివరి సంవత్సరం, మళ్లీ ఇంకో అవకాశం లేదు.

యూనివర్సిటీ సెలెక్టర్లు మా ఊళ్లకొచ్చి లీగ్ మ్యాచ్‌లు చూసేవాళ్లు కాదు. షామియానా, కూల్‌డ్రింకు ఉన్నచోటే వాళ్లకి ఆట కనపడుతుంది. వాళ్లు చూసేదల్లా లీగ్ అయ్యాక ఫిబ్రవరిలో విజయవాడలో జరిగే ఆహ్వాన టోర్నమెంటు. దాన్ని నడిపేది ఊళ్లో పెద్దమనుషుల కమిటీ. రైస్ మిల్లు ఓనరొకడు, సినిమా హాలు ఓనరొకడు, రిటైరైన ఆఫీసరొకడు, ఇంకా ఇద్దరు ముగ్గురు. వాళ్లలో ఒక్కడు కూడా జన్మలో బంతిని తన్ని ఎరగడని నేను ప్రమాణం చేసి చెప్పగలను. లీగ్ ఆడిన జట్లలోంచి నాలుగింటిని కమిటీ "తన విచక్షణ మేరకు" పిలుస్తుందని కరపత్రంలో వేసేవాళ్లు. మొదటి స్థానం వచ్చిన జట్టుని పిలిచి తీరాలని ఎక్కడా లేదు. కాకపోతే పిలవకపోవడమన్నది మేం ఎరిగినంతలో జరగలేదు. అందుకే నిశ్చింతగా ఉన్నాం.

విచక్షణ అంటే ఏమిటో తర్వాత తెలిసింది. స్టేడియం నిండాలి. ముఖ్య అతిథి వేదికెక్కి చూసేసరికి మెట్లన్నీ జనంతో ఉండాలి. మర్నాడు పేపర్లో ఫొటో పడాలి. క్రికెట్‌కి తప్ప జనం కదలని రోజులవి. కాబట్టి ఎవరు బాగా ఆడతారన్న గొడవ వాళ్లకి లేదు, ఎవరు బస్సులు కట్టుకుని మనుషుల్ని తోలుకొస్తారన్నదే చూసేవాళ్లు. ఈ సంగతి పైకి ఎవరూ చెప్పరు. దానికోసం ఒక ఫారం పంపేవాళ్లు.

మా కాలేజీకి పీడీ లేడు. ఆటల బాధ్యత కామర్స్ మాష్టారి నెత్తిన పడేశారు. "నువ్వే నింపుకురారా, సంతకం నే పెడతాను" అన్నారాయన. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని నాకు గర్వం. కాలేజీ పేరు, ఆటగాళ్ల పేర్లు, ఏ జట్టు మీద ఎన్ని గోల్స్ కొట్టామో అన్నీ నింపాను. ఆఖర్న ఒక గడి ఉంది. జట్టు వెంట వచ్చువారు, అని. అందులో ఇలా రాశాను: "మా ఆట చూడ్డానికి నలుగురూ వస్తారు."

మా వైపు మర్యాద అది. పెళ్లిలో ఐదొందల విస్తళ్లు లేస్తాయి, పిలవడానికొచ్చినవాళ్లు మాత్రం "ఏదో నలుగుర్నీ పిలుచుకుంటున్నామండీ" అంటారు. రెండంతస్తుల మేడ కట్టినవాడు "ఏదో తలదాచుకోడానికండీ" అంటాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే ఎచ్చులు పోతున్నాడంటారు. నలుగురూ అంటే ఊరూవాడా అన్నమాట. మా మ్యాచ్‌లకి కాలేజీ మొత్తం కదిలేది. ధాన్యం కాపలా ఉన్నవాళ్లు కూడా గట్టుమీద కూర్చుని చూసేవాళ్లు. ఇక విజయవాడలో ఆటంటే ఆటోనగర్‌లో వాడి తండ్రి ఎరిగిన వెల్డర్లు, పెయింటర్లు, లారీ డ్రైవర్లు పనులాపుకుని దిగేవాళ్లే. ఇదంతా వివరంగా రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుందనుకున్నాను. మా కీపర్‌కి చూపిస్తే చదివి బాగుందన్నాడు.

పిలుపు రాలేదు. మా చేతిలో నాలుగు గోల్స్ తిన్న ఆరో స్థానం జట్టుకి వచ్చింది. ఆ సంగతి పేపర్లో చూసి, నేనూ వాడూ మొదటి బస్సెక్కి విజయవాడ వెళ్లాం. కమిటీ ఆఫీసు సినిమా హాలు మేడ మీద. సెక్రటరీ మమ్మల్ని కూర్చోమనలేదు.

"లీగ్‌లో మేం ఫస్టండీ" అన్నాను.

"తెలుసు బాబూ. కంగ్రాచ్యులేషన్స్."

"మరి మమ్మల్ని పిలవలేదేంటండీ?"

ఆయన ఫైలు తీసి మా ఫారం నా ముందు పెట్టాడు. నా వాక్యం కింద ఎర్రసిరా గీత, పక్కన 4 అన్న అంకె. దాని కిందే ఆరో స్థానం జట్టు ఫారం ఉంది. అదే గడిలో వాళ్లు ఎనిమిది బస్సులు అని రాసుకున్నారు.

"నలుగురొస్తారని మీరే రాశారుగా. నలుగురితో స్టేడియం ఎట్లా నింపమంటావు?"

"నలుగురూ అంటే నలుగురా అండీ? అందరూ వస్తారని కదా."

"ఫారంలో ఉన్నదే మాకు లెక్క బాబూ."

పక్క కుర్చీలో ఉన్న కమిటీ పెద్దమనిషొకడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వుతో నాకు విషయం తెలిసిపోయింది. నలుగురు అన్నదానికి దీర్ఘమిస్తే ఏమవుతుందో వాళ్లకి తెలియక కాదు. వాళ్లూ కృష్ణా జిల్లాలో పుట్టి, నలుగుర్నీ పిలుచుకుని పెళ్లిళ్లు చేసినవాళ్లే. ఎనిమిది బస్సులవాళ్లని పిలుచుకోడానికి ఒక సాకు కావాలి, దాన్ని నేను చక్కటి దస్తూరిలో రాసి చేతికందించాను.

మా కీపర్ ముందుకొచ్చాడు. "జనం వస్తారండీ. ఆటోనగర్ నుంచే ఐదారొందలమంది వస్తారు. మా నాన్న చెప్తే చాలు, అందరూ కదులుతారు."

సెక్రటరీ వాణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. "ఆ జనం ఎందుకులే బాబూ, ఫ్యామిలీలు వచ్చేచోటికి" అని ఫైలు మూసేశాడు.

ఇంతకన్నా సిగ్గులేని మాట నేను మళ్లీ వినలేదు. మెట్లు దిగుతూ, వాణ్ణి అక్కడే వదిలి మళ్లీ పైకెళ్లి ఆ సెక్రటరీని తన్నొద్దామనుకున్నాను. వాడే నా చొక్కా పట్టుకుని ఆపాడు. టోర్నమెంటు మేం లేకుండానే జరిగింది. యూనివర్సిటీ జట్టుకి కీపర్‌గా ఆ ఆరో స్థానం జట్టువాణ్ణి తీసుకున్నారు. పరీక్షలు రాసిన మర్నాడు మావాడు షెడ్డులో చేరాడు.

రెండువేల సంవత్సరం దాటాక నాకు విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం దొరికింది. కాలేజీ బస్సుల బాగోగులు కూడా నేనే చూసేవాణ్ణి. కమాన్ కట్ట విరిగితే ఎక్కడికెళ్తాను? వాడి దగ్గరికే. వెళ్లినప్పుడల్లా అక్కడ పనికోసం ఆగిన డ్రైవర్లకి వాణ్ణి చూపించి, "ఈయనెవరనుకున్నారు, యూనివర్సిటీకి ఆడాల్సిన గోల్‌కీపరు" అని మొదలుపెట్టేవాణ్ణి. కమిటీలో ఒక్కొక్కణ్ణీ కడిగేసేవాణ్ణి. ఎర్రసిరాతో వేసిన 4 దగ్గరికొచ్చేసరికి అందరూ నవ్వేవాళ్లు. నాకు హాయిగా ఉండేది.

ఒకసారి ఇట్లాగే కథంతా అయ్యాక, వాడు డ్రైవర్లని టీకి పంపించి బస్సు కింది నుంచి బయటికొచ్చాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంక ఆ కథ చెప్పకురా" అన్నాడు.

"నేను రాసిన ముక్క వల్లే గదరా నీకిట్లా అయింది" అన్నాను. అన్నేళ్లలో ఆ మాట ఒప్పుకోవడం అదే మొదలు.

"నువ్వు రాసింది నేను చదివాను, బాగుందన్నాను. నీ తప్పని ఏనాడూ అనుకోలేదు. కానీ వచ్చినప్పుడల్లా చెప్తావు. నువ్వు చెప్తావు, వాళ్లు నవ్వుతారు, నవ్వడం అయ్యాక నా వంక చూస్తారు. ఆ చూపు నీకు కనపడదు. కోపం తీర్చుకుని, టీ తాగి నువ్వెళ్లిపోతావు. నీ కోపం తీరడానికి నేను ఎన్నిసార్లు ఓడిపోవాలి?"

వాడు పానా తీసుకుని మళ్లీ బస్సు కిందికి దూరాడు.

ఆ తర్వాత వాడి ముందు ఆ ఊసెత్తలేదు. ఇదిగో, ఇప్పుడు రాశాను. వాడు చదవకుండా ఉంటే బాగుండును.